అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్

హేమా,

సెలవు దొరకలేదు. సెకండ్ షిఫ్ట్‌కి వెళ్తున్నాను. నేను తిరిగొచ్చేసరికి మీరు విజయనగరం రైలెక్కేసి ఉంటారు. మామయ్యగారు రాగానే ఆయన్ని పవర్‌హౌస్ మార్కెట్‌కి పంపి ఖాళీ క్యాసెట్ ఒకటి తెప్పించు. ఈ ఎండలో నువ్వు కదలకు. అరవై నిమిషాలదే తేవాలి. దుకాణం భయ్యా "తొంభైది తీసుకోండి అంకుల్, పాటలు జ్యాదా పడతాయి" అంటాడు. వినొద్దని చెప్పు. దాని టేపు మరీ పలచన, మన టేప్‌రికార్డర్ నమిలేస్తుంది. ఖరీదైన క్రోమ్‌ది కూడా వద్దు, మనదానికి మామూలుదే సరిపోతుంది. కూలర్ ఆపి, నీ పాటలు అందులో పాడి నాకోసం ఇక్కడే ఉంచు, ఆపకపోతే కూలర్ హోరే వినిపిస్తుంది.

"నా పాటేటి, కుక్కర్ కూతే నయం" అని నిన్న నవ్వేవు. నాకా వంటింటి పాటలే కావాలి. రెండో వైపు ఊరికే మాట్లాడినా చాలు. పురుడయ్యి, బిడ్డకి మూడో నెల వచ్చేదాకా నువ్వు రావు. ఈ క్వార్టర్‌లో నన్ను పలకరించేవాళ్లుండరు.

మందులు చేతిసంచిలో పెట్టేను. మరిచిపోకుండా వేసుకో.

మనోజ్

చెప్పడం మరిచాను. టేపు మొదట్లో ఉండే తెల్లటి ముక్క మీద ఏదీ రికార్డవదు. అది తిరిగిపోయాక, రోజూ నన్ను పిలిచినట్టే "ఇదిగో" అని పిలు. ఆ పిలుపు పోకూడదు.