పెట్టె కాదు, హాపర్ అనాలట

చెల్లెమ్మా, నేను బాగున్నాను, వేళకి తింటున్నాను, నా గురించి బెంగ పెట్టుకోకు.

అబ్బాయి పోయాక వాడి ఉద్యోగం నాకిచ్చారని చెప్పాను కదా, చెత్త బండి వెనక పని. బండి భాగాల పేర్లన్నీ నోటికొస్తేనే ఉంచుతామన్నారు. వెనక ఏం జరుగుతుందో డ్రైవరుకి కనపడదు, ఏది ఆపాలో పేరు పెట్టి అరిస్తేనే ఆపుతాడు. మొదటి రోజు డబ్బా ఇరుక్కుంటే "పెట్టె, పెట్టె" అని అరిచాను. డ్రైవరు దిగొచ్చి "పెద్దమ్మా, బండంతా పెట్టే! ఏ పెట్టె అనుకోను?" అని నవ్వాడు. మన అబ్బాయితో ఆరేళ్లు తిరిగినవాడే. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే బండి మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద అక్షరాలు రాసేవాడు. చెత్త పడే తొట్టి హాపర్, దాన్ని లోపలికి అదిమే రేకు ప్యాకర్, డబ్బాని ఎత్తి వంచేది లిఫ్టర్. సాయంత్రం బండి కడిగితే చెరిగిపోయేవి, విసుక్కోకుండా మళ్లీ రాసేవాడు. నిన్న ఆఫీసరు అడిగితే ఒక్కటీ తప్పలేదు. ఉద్యోగం ఖాయమైంది. ఆ డ్రైవరు చల్లగా ఉండాలి.

అబ్బాయి అన్నం దగ్గర "ఇవాళ ప్యాకర్ మొరాయించిందమ్మా" అనేవాడు. నేను "ముందు తినరా" అనేదాన్ని. అదేమిటని ఒక్కసారైనా అడగలేదే.

మీ ఆయన మోకాలు ఎలా ఉంది? అబ్బాయి బండి పక్కన దిగిన ఫోటో నీ దగ్గరుంది కదా, పంపు. వాడు దేని మీద చెయ్యేసి నిలబడ్డాడో ఇప్పుడైతే నేను చెప్పగలను. పిల్లలిద్దరికీ నా దీవెనలు.

మీ అక్క