నాయన జబ్బ మీది బిళ్ల

నవంబర్ 3, నంద్యాల

పనిచేసేది మెడికల్ షాపులోనే గాని, ఇంట్లో మనిషికి దీన్ని అంటించడం ఇదే మొదలు. షుగర్ కొలిచే, రూపాయి బిళ్లంత సెన్సర్. ఉదయం ఆళ్లగడ్డలో నాయన జబ్బ మీద పెట్టి నొక్కాను. ఏళ్లుగా ఇన్సులిన్ పొడుచుకునే మనిషి, దీనికి కళ్లు గట్టిగా మూసుకున్నాడు! ఆయన ఫోన్ జేబులో ఉంటే చాలు, షుగర్ నా ఫోన్‌లో కనిపిస్తుంది. నలభై కిలోమీటర్ల అవతల నాయన అన్నం తింటుంటే ఇక్కడ గీత పైకి లేస్తోంది. నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాను.

నవంబర్ 4

జిలేబీ తిన్నావు కదా అని ఫోన్ చేశా. నా జబ్బకే పోలీసును అంటించినావు గదమ్మే, అని తిట్టాడు.

నవంబర్ 7

శిరివెళ్ల దగ్గరి ఊరికి నాయన చెక్కుతున్న అమ్మవారు దాదాపు పూర్తయింది. ఇక కళ్లు చెక్కి తెరవడమే. ఆ రోజు శిల్పి ఉపవాసం ఉండి, తెర కట్టుకుని, ఒక్కడే ఉలి పడతాడు. నాయనకు ప్రతిసారీ ఆ వేళకు చెమటలు పోసి చెయ్యి వణుకుతుంది. అమ్మవారు ఒంటి మీదికొచ్చిందని దండం పెడతాం. పోయినసారి ఆ వణుకులోనే ఉలి జారి విగ్రహం కనురెప్ప ఎగిరిపోయింది. విరిగిన విగ్రహానికి పూజ లేదు. ఈసారీ అట్లయితే మళ్లీ ఉలి ముట్టనని అమ్మ దగ్గర ఒట్టేశాడట.

నవంబర్ 9

మధ్యాహ్నం ఫోన్ గోల పెట్టింది. షుగర్ 58, డెబ్బైకి తగ్గకూడదు. పక్కన బాణం కిందికి, ఇంకా పడుతోంది. అమ్మకు ఫోన్ చేశా. అన్నం తినకుండా పనిమీదున్నాడు, వణుకుతాండాడు, అమ్మవారొచ్చిందేమోనని కర్పూరం వెలిగిస్తాండా అంది. అది షుగర్ పడిపోయిన వణుకు, కర్పూరం పక్కన పెట్టి చక్కెర నీళ్లు తాపమని అరిచాను. కాసేపటికి బాణం పైకి తిరిగింది. వణుకు నిల్చిపోయిందంది అమ్మ.

ఇన్నేళ్లూ చక్కెర ఇవ్వాల్సిన చోట హారతి ఇచ్చాం. ఈ మనిషి మిగలడమే అద్భుతం.

నవంబర్ 10

ఉపవాసం వద్దన్నాడు డాక్టరు. తిని ఉలి పట్టనన్నాడు నాయన. ఇద్దరూ మొండివాళ్లే. చివరికి డాక్టరే దిగొచ్చి ఇన్సులిన్ తగ్గించాడు, షుగర్ పడితే మాత్రం తీపి తినాల్సిందే అన్నాడు. దారి అమ్మ చెప్పింది. అమ్మవారి కళ్లకు అద్దే తేనె పక్కనే ఉంటుంది గదా, ఆయమ్మకు పెట్టింది ప్రసాదం గాక ఏందీ, అంది. నాయన కాదనలేకపోయాడు.

నవంబర్ 14, ఆళ్లగడ్డ, ఉదయం

తెర అవతల నాయన. ఇవతల నేను, ఫోన్. 104. 91. ఉలి చప్పుడు లేదు. 72, బాణం కిందికి. తెర తీయకూడదు. నాయనా, తేనె నోట్లో వేసుకో అన్నా. మళ్లీ అరిచా. తేనె గిన్నె కదిలిన చప్పుడు. ఎంతసేపో గీత అక్కడే పాకింది. 80. 95. అప్పుడు మొదలైంది ఉలి, తొందర లేకుండా.

అదే రోజు, సాయంత్రం

విగ్రహానికి రెండు కళ్లూ చక్కగా తెరుచుకున్నాయి. ఈసారి అమ్మవారు ఒంటి మీదికి రాలేదా అని అమ్మ దిగులుగా అడిగింది. ఇన్నేళ్లూ వచ్చింది ఆయమ్మ కాదే, ఉత్త వణుకు, ఈ పొద్దే ఆయమ్మ నన్ను చూసింది, అన్నాడు నాయన.