లేని మోకాలి నొప్పి

త్రిశూర్

వత్సలక్కకి,

ఫోన్లో అయితే మా అత్తగారి చెవిన పడుతుందని ఉత్తరం రాస్తున్నాను. నిజం చెప్పు, నా బ్లాగు సంగతి ఆవిడకి చెప్పింది నువ్వేనా? మారుపేరుతో రాస్తున్నానని నీకొక్కదానికే తెలుసు. ఆరేళ్లుగా ఈ ఇంట్లో నోరు తెరిచి అనలేనివన్నీ అక్కడే రాసుకున్నాను. ఆవిడ పిసినారితనం, సణుగుడు, అన్నీ.

ఈమధ్య ఏం రాసినా గంటలోపే ఎవరో ఒక్కరు చదివినట్టు చూపిస్తోంది. నాకు అనుమానమొచ్చి ఒక అబద్ధం రాశాను. కొబ్బరి కోరడానికి కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయని. మర్నాడు లేచేసరికి గిన్నెడు కొబ్బరి కోరి ఉంది. మా ఆయనకి కోరాము ఎక్కడుంటుందో కూడా తెలీదు.

"ఎవరు కోరారమ్మా?" అని అత్తగారిని అడిగాను.

"మెలకువొచ్చింది, కోరాను. నిలబడి చూస్తావేం, టిఫినుకి పుట్టు పిండి ఆవిరికి పెట్టు" అన్నారు, నా మొహం చూడకుండా.

అంటే తన మీద రాసినవన్నీ చదివే ఉంటారు కదక్కా. అయినా ఒక్క మాట అనలేదు. అదే నాకు మింగుడు పడటం లేదు.

బ్లాగు మూసేద్దామనుకున్నాను, చేతులు రాలేదు. పోనీ మోకాళ్ల నొప్పి తగ్గిందని రాసేద్దామని రోజూ తెరుస్తున్నాను.

వారమైంది. నా మోకాళ్ల నొప్పి ఇంకా తగ్గలేదు.

నీ చెల్లెలు