సూదికి దారం ఎక్కిన నిమిషాలు

సోమవారం, మార్చి 9

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. మరదలి దగ్గు తగ్గిందని విని మీ వదిన స్థిమితపడింది.

నువ్వు కీళ్లనొప్పులకని అమ్మే గంధకం పొడి కరపత్రంలో వేసుకోవడానికి నా ఫోటో, నాలుగు వాక్యాలు పంపమన్నావు. పంపను. ఇంతటితో ఆపేయవచ్చు గానీ, నువ్వు ఊరుకునే రకం కాదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నలభై ఏళ్లుగా పుస్తకాలు కుడుతున్న వేళ్లు నావి. పొద్దున్నే కర్రల్లా బిగుసుకుపోతాయి. బైండింగు గదిలో కూర్చున్నాక వేళ్లు వదులై సూదికి దారం ఎక్కడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రోజూ నోటుపుస్తకంలో రాసుకుంటాను. పెద్ద చదువు లేనివాణ్ణి, నా ఒంటి సంగతి నాకు తెలిసే దారి అదొక్కటే.

నువ్వు పొడి తెచ్చి, "ఇది మందు కాదన్నయ్యా, ప్రకృతి ఇచ్చిన గంధకం. మన గోళ్లలో, జుట్టులో, కీళ్లలో ఉన్నదే" అన్నావు. లైబ్రరీలో వెతికాను. ఒంట్లో ఉన్నమాట నిజమే. ఉల్లిపాయలో, వెల్లుల్లిలో, గుడ్డులో కూడా ఉందట. ఈ పొడితో కొందరికి మోకాళ్ల నొప్పి కాస్త తగ్గినట్టుందనీ, గట్టిగా చెప్పడానికి ఆ రుజువు చాలదనీ రాశారు. సరే, చూద్దామనుకున్నాను. చేదుగా ఉంటుంది, ఖాళీ క్యాప్సూళ్లలో నింపుకోమన్నావు. వాటిని విప్పడం నా వేళ్ల వల్ల కాదు. మీ వదినే నింపి ఇచ్చేది.

మొదటిరోజు నలభై నిమిషాలు. నెల తిరిగేసరికి పద్దెనిమిది. నువ్వు నా పుస్తకం లాక్కుని గదంతా వినబడేలా చదివావు. పక్క బల్ల దగ్గర జిగురు పూసే ఆయన, మనమంతా జిగురు బావ అని పిలిచే ఆయన, ఆరేళ్లుగా డాక్టరు మాత్రలతో కీళ్లవాతాన్ని అదుపులో పెట్టుకున్న మనిషి. "ఇంకా ఆ మాత్రలేంటి బావా, కడుపు పాడుచేసుకోడానికా? మా అన్నయ్య లెక్క చూడు" అన్నావు. ఆయన నా వంక చూశాడు. నేను తలొంచుకుని దారానికి మైనం రుద్దుకుంటున్నాను. ఆ పూట నోరు విప్పకపోవడం నా తప్పు.

ఆయన నీ పొడి కొనుక్కుని మాత్రలు మానేశాడు. ఐదు వారాల్లో మణికట్లు ఉబ్బి కుంచె జారిపోతోంది. కిందటి వారం వాళ్లావిడ బైండింగు గదికి వచ్చి గుమ్మంలోనే నిలబడి, "మీరు అబద్ధం రాయరని నమ్మి ఆయన మాత్రలు మానేశారు అన్నయ్యగారూ" అంది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆయన్ని నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. మాత్రలు మళ్లీ మొదలయ్యాయి. కుడిచెయ్యి మునుపటిలా అవుతుందని మాత్రం మాట ఇవ్వలేమన్నారు.

నీకు ఫోన్ చేసి చెబితే, "ఆయన యోగం బాలేకపోతే పొడేం చేస్తుంది" అన్నావు. ఆ మాట నాకు మింగుడుపడలేదు.

కాబట్టి విను. ఆదివారం నువ్వు పొడి అమ్మకానికి పెట్టిన సభకు వస్తున్నాను. ముందు వరసలో కూర్చుంటాను. నా పుస్తకం, దాని పక్కనే జిగురు బావ మణికట్టు సంగతి, రెండూ చదువుతాను. మైకు ఇవ్వకపోతే లేచి నిలబడి చదువుతాను. అన్నయ్యకి నోరు లేదని నీ ధీమా. ఉంది, ఇన్నాళ్లూ వాడలేదంతే. చుట్టాలందర్నీ పోగుచేసి నా మీదికి పంపినా వెనక్కి తగ్గను.

పొడి చెడ్డదని అనను. నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలుసని నేను చెప్పను, నా పేరుతో నిన్ను చెప్పనివ్వను.

నీ మేలు కోరే
అన్నయ్య

తా.క. నిన్న రాత్రి ఈ ఉత్తరం మడుస్తుంటే మీ వదిన తీసుకుని చదివింది. లేచి వెళ్లి, అలమర పై అరలోంచి నీ పొడి డబ్బాలు రెండూ తెచ్చి నా ముందు పెట్టింది. సీలు కూడా విప్పలేదు. "తమ్ముడిచ్చాడంటే మీరు కాదనలేరు. ఏమిటో తెలియనిది మీ చేత మింగించడానికి నాకు చేతులు రాలేదు" అంది. జిగురు బావ మాత్రలు మానేసిన సంగతి ముందే తెలిస్తే చెప్పేసేదాన్నని ఏడ్చింది.

ఇన్నాళ్లూ క్యాప్సూళ్లలో ఆమె నింపింది, నేను మింగింది గోధుమపిండి. నలభై పద్దెనిమిదికి దిగింది దానితోనే. ఆదివారం ఇదీ చదువుతాను. డబ్బాలు నీకే పంపుతున్నాను.

ఇదంతా తెలిశాక, ఈ పొద్దున సూదికి దారం ఎక్కడానికి పదిహేడు నిమిషాలు పట్టింది. ఎందుకో తెలియదు. పుస్తకంలో అలాగే రాశాను.