తిరగబడ్డ కార్పెట్

కోవెంట్రీ,
ఆదివారం.

చెల్లెలు మ్యూరియెల్‌కు అన్న సిరిల్ దీవెనలు.

ఇక్కడ నేను క్షేమం. అలా మొదలుపెట్టడం మర్యాద కనుక రాశాను, అంతకుమించి ఆ మాటకు విలువ ఇవ్వకు. నువ్వూ, పెళ్ళికూతురు హేజెలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. మోకాళ్ళ నొప్పి తగ్గిందా అన్నావు. తగ్గలేదు. నాన్న రోవర్ కారు పెళ్ళినాటికి సిద్ధమవుతుందా అన్నావు. సీట్లు విప్పి గరాజ్ గోడకు చేర్చాను. కింద కార్పెట్ చీకిపోయి తడికుక్క వాసన కొడుతోంది. నీ కూతురు తెల్లగౌను దానిమీద ఈడ్చుకుంటూ దిగడం నాకిష్టం లేదు. అందుకే అసలైన ఉన్ని కార్పెట్ తెప్పించి, నా చేత్తోనే కోశాను.

ఆ కోతలో ఒక చిక్కుంది. కొత్త కార్పెట్‌ను బోర్లించి, వెనకవైపు సుద్దతో గీసి కోస్తాం. కాబట్టి కొలతకోసం పెట్టే పాత ముక్కనూ బోర్లించే పెట్టాలి. వెల్లకిలా పెడితే అద్దంలో బొమ్మలా కుడి ఎడమైపోతుంది. మా పాతకార్ల సంఘం కార్యదర్శి డెస్మండ్ గుర్తున్నాడుగా, నా డిక్కీలో పరిచిన ఫెల్టు గుడ్డ రంగు తప్పని నలుగురిలో అన్నవాడు. అతనొకసారి ఇలాగే కుడిఎడమలు తారుమారుగా కోసుకున్నాడు. సంఘం పత్రికలో దానిమీద పేజీన్నర రాశాను. లాటిన్ సామెత కూడా వాడాను. చదివి నవ్వనివాడు లేడు. అప్పట్నుంచి మేం పలకరించుకునేది దెప్పుకోవడానికే.

మంగళవారం అతను తలుపైనా తట్టకుండా గరాజ్‌లోకి వచ్చాడు. నేను మోకాళ్ళమీద కూచుని, డ్రైవర్ కాళ్ళుపెట్టే చోట ముక్కను ఇరికిస్తున్నాను. అది ఇమడటం లేదు.

"ఏం సిరిల్, బండిని ఎడంపక్క స్టీరింగుండే ఫ్రాన్సువాళ్ళకి అమ్మేశావా? పెడల్స్ కంతలు ఎడంపక్కకొచ్చాయేంటి?" అన్నాడు.

"నీ బుర్రే తిరగబడింది. కళ్ళద్దాలు మార్చుకో" అన్నాను.

అతను ఇంకో మాట విసురుతాడని కాచుకున్నాను. కానీ అతను వంగి, నా చెయ్యి పట్టుకుని కార్పెట్ అంచుమీద పెట్టాడు.

"తడిమి చూడు. నీకు కనబళ్ళేదు కదూ?"

"కనబడింది."

"సరేలే. టీ పెడతాను."

"నా ఇంట్లో నువ్వు టీ పెట్టడమేంటి?"

"పాలసీసా ఎక్కడుందో నీకంటే నాకే బాగా కనబడుతుంది గనక."

ఎగతాళి చేసి ఉంటే తట్టుకునేవాణ్ణి. జాలిపడ్డాడు.

మ్యూరియెల్, నా అక్షరాలు ఇంత లావుగా, వంకరగా ఎందుకున్నాయో ఈపాటికి నీకు అర్థమై ఉంటుంది. చూపు నడిమధ్య మసక కమ్మేసింది. చుట్టూ ఉన్నదంతా కనిపిస్తుంది, చూడాలనుకున్నది మాత్రం కనిపించదు. పాత ముక్క అరిగి రెండువైపులా ఒక్కలాగే అయిపోయింది. ఏది పైకో తెలియక ఊహించి పెట్టాను. ఇక చూపు తిరిగిరాదన్నాడు డాక్టరు, స్టీరింగ్ ముట్టుకోవద్దన్నాడు. ఎవణ్ణి ఏ వాక్యంతో కొట్టాలో వెతుక్కునే నా పుస్తకాలన్నీ ఇప్పుడు ఇటుకలు.

హేజెల్‌ను చర్చికి నేనే తీసుకువస్తానని మాటిచ్చాను. తీసుకురాలేను. ఆ బండి మూడో గేరు మొండితనం తెలిసి, దాన్ని ఒప్పించి నడపగలవాడు ఈ ఊళ్ళో డెస్మండ్ ఒక్కడే. కొత్త ముక్క కూడా అతనే కోస్తున్నాడు, గరాజ్‌లోంచి కత్తెర చప్పుడు వినబడుతోంది. మంగళవారం నుంచీ అడగాలనే చూస్తున్నాను. నోరు తెరిస్తే దెప్పుడుమాటే వస్తోంది.

నువ్వు ఫోన్ చేసి అడుగు. నేను అడగమన్నానని చెప్పకు. అతను కాదనడు. నాకు మింగుడుపడనిది అదే.

ఇట్లు,
పెళ్ళిరోజున డ్రైవరు పక్క సీట్లో కూర్చోబోయే
నీ అన్న
సిరిల్