కొడవలి మలుపు

ప్రియమైన బామ్మర్దికి,

మనిద్దరం ఫోను పట్టుకుంటే రెండో నిమిషానికల్లా అరుచుకుంటున్నామని మీ అక్క మన మధ్య ఫోను రద్దు చేసి చాలా కాలమైంది. పోట్లాడుకోవాలనుంటే కాగితం మీద పోట్లాడుకోండి, నాకు చప్పుడు వినిపించకూడదు అంది. అందుకే ఎప్పటిలా ఈ ఉత్తరం గార్డు చేతికిస్తున్నాను.

మీ ఆఫీసు వాళ్ళు నా ఇంజనులో బిగించిన వేగం యంత్రం నా ప్రాణాలు తోడేస్తోంది. ఇటుకబట్టీ దాటాక దారి ఎంత తిన్నగా ఉంటుందో నీకు తెలుసు. కళ్ళు మూసుకుని తోలొచ్చు. సరిగ్గా అక్కడే స్క్రీను మీద నలభై అని పడుతుంది. నేను చెయ్యి వేసేలోపే అదే బ్రేకు వేసేసుకుంటుంది. వెనక పెట్టెల్లో జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఆమధ్య ఒకావిడ దిగి తిన్నగా నా దగ్గరికొచ్చి, బండి తోలడం ఎక్కడ నేర్చుకున్నావయ్యా అని అడిగింది. ఇన్నేళ్ళ సర్వీసులో అంత మాట ఎప్పుడూ పడలేదు.

అందుకని మా డ్రైవర్లందరం ఒక ఉపాయం కనిపెట్టాం. ఇటుకబట్టీ రాగానే యంత్రం స్విచ్చి కట్టేస్తాం. కొడవలి మలుపు దాటాక మళ్ళీ వేస్తాం. ఆ మలుపులో నలభై దాటితే బండి పట్టాల మీద ఉండదని మాకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా, మా చెయ్యే తగ్గిస్తుంది. ఈ సంగతి మీ ఆఫీసులో చెప్పకు.

నీ మేనకోడలు పరీక్ష పాసైంది. ఈ దారిలో ఇంతవరకు పక్కన పాత డ్రైవరుంటే గూడ్సు బళ్ళే నెమ్మదిగా తోలింది, ఇకనుంచి ప్యాసింజరు కూడా ఇస్తారు. మీ అక్క తన వార్డులో తోటి నర్సులందరికీ చెప్పుకు తిరుగుతోంది. నాకు మాత్రం లోపల భయంగా ఉంది. ఆ మాట పిల్లతో అనలేదు.

నీ బావ

* * *

బావగారికి నమస్కారాలు,

కోడలు పిల్ల పాసైందని చదివి పక్క కుర్చీల వాళ్ళందరికీ టీ ఇప్పించాను. తండ్రి పోలిక రాలేదు కాబట్టే పాసైందని అక్కతో అనండి.

ఇక రెండో సంగతి. స్విచ్చి గురించి చెప్పొద్దన్నారు. ఎవరూ చెప్పక్కర్లేదు బావా. కట్టేసిన ప్రతిసారీ ఆ యంత్రమే రాసి పెట్టుకుంటుంది. ఆ రికార్డు చదవడమే నా ఉద్యోగం. ఈసారి అందరికంటే ఎక్కువగా కట్టింది మీరే. మీ పేరున్న ఆ కాగితం రెండు రోజులు బల్ల మీదే పెట్టుకుని, చివరికి పైకి పంపించేశాను. మీకు ఇంకెవరి వల్లో తెలిస్తే నేను భరించలేను. అందుకే నేనే రాస్తున్నాను.

మీకు దారి కంఠస్థం. కొత్తవాళ్ళకి కాదు. యంత్రం వచ్చిందని పట్టాల పక్కనున్న వేగం బోర్డులన్నీ పీకేశారు. పైగా మంచు రోజులు. వాళ్ళకి ఆ స్క్రీనే కళ్ళు. కోడలు పిల్లతో కూడా అదే అన్నాను. మీ నాన్న మాట విని స్విచ్చి జోలికెళ్ళకు, స్క్రీను ఎంతంటే అంతే తోలమన్నాను. నాకు మాటిచ్చింది.

ఇటుకబట్టీ దగ్గర ఎందుకు పట్టేస్తోందో వెతుకుతాను. నాకైతే మీరే అక్కడ తొందరపడుతున్నారని అనుమానం. కోప్పడకండి.

మీ బామ్మర్ది

* * *

రికార్డులు చదివే అయ్యగారికి,

ప్రియమైన అని రాద్దామంటే చెయ్యి రాలేదు.

నన్ను బండి దింపేశారు. విచారణ అయ్యేదాకా షెడ్డులో కూర్చుని వచ్చేపోయే డ్రైవర్లకి తాళాలివ్వాలట. నాకంటే చిన్నవాళ్ళు వచ్చి, ఏంటన్నా ఇక్కడ కూర్చున్నావని అడుగుతున్నారు. నిన్ను మొదటిసారి ఇంజనెక్కించింది నేను. హారను కొట్టనిచ్చింది నేను. ఆరోజు నువ్వు దిగనని ఏడిస్తే ఎత్తుకుని దింపింది కూడా నేనే. అవన్నీ ఏ రికార్డులోనూ ఉండవులే.

ఇంకో కబురు. నా పొద్దుటి ప్యాసింజరుకి మనిషి కావాలి కదా. శుక్రవారం నుంచి నీ మేనకోడలికిచ్చారు. పక్కన ఎవరూ లేకుండా అదే మొదటి బండి. ఇటుకబట్టీ దగ్గర స్విచ్చి కట్టెయ్యవే అంటే, మామయ్యకి మాటిచ్చాను నాన్నా అంది. కొడవలి మలుపు గురించి చెప్పబోతే, స్క్రీను చెబుతుందిలే అంది. సరే, తిన్నటి దారిలోనే అంత పట్టేసే యంత్రం మలుపులో ఊరుకుంటుందా అని నేనూ నోరు మూసుకున్నాను. మామా కోడళ్ళు ఒకటయ్యారు, నేను పరాయివాణ్ణయ్యాను.

ఫోను చెయ్యకు. ఎత్తను.

మీ అక్క మొగుడు

* * *

బావా,

చింపెయ్యకండి. ముందు చదవండి, తర్వాత నన్ను ఎన్ని తిట్టినా పడతాను.

ఇటుకబట్టీ దగ్గర మీదే తప్పని నిరూపిద్దామని పాత రికార్డులన్నీ తిరగేశాను. మీరు స్విచ్చి కట్టడం మొదలుపెట్టకముందు అక్కడ ప్రతి బండినీ యంత్రం నలభైకి పట్టేసింది. కొడవలి మలుపు దగ్గర ఒక్క బండిని కూడా పట్టలేదు. మీరంతా బాగా తోలుతున్నారు కాబోలనుకున్నాను. అసలు అక్కడ యంత్రం ఎంతకి ఒప్పుకుంటోందో చూద్దామని తీస్తే, వంద అని ఉంది. మలుపులో వంద, బావా.

ఎంత వేగమో ఇంజనుకి చెప్పే పలకలు పట్టాల మధ్య బిగిస్తారు కదా. ఆ రెండు చోట్లా ఒకే రోజు, ఒకే ముఠా బిగించింది. మలుపు పలక తెచ్చి ఇటుకబట్టీ దగ్గర పెట్టారు. తిన్నటి దారి పలక మలుపు ముందు పెట్టారు. మిమ్మల్ని విసిగించిన ఆ బ్రేకు నిజానికి మలుపులో పడాల్సింది. మొదటి రోజుల్లో మలుపులో మీరెవరూ స్క్రీను చూసి ఉండరు, ఆ తర్వాత మీరంతా ఆ రెండు చోట్ల మధ్యా స్విచ్చి కట్టేసి ఉంచారు కాబట్టి రెండో తప్పు ఇంతకాలం ఎవరి కంటా పడలేదు.

రేపు పొద్దున స్విచ్చి కట్టకుండా అక్కడికి వెళ్ళబోయేది మన పిల్ల ఒక్కతే. మంచులో దానికి మలుపు కనపడదు. స్క్రీను వంద అంటుంది. స్క్రీనునే నమ్మమని మాట తీసుకున్నది నేను.

మా పై అధికారికి చెప్పాను. మలుపు గురించి ఇన్నాళ్ళూ ఒక్క ఫిర్యాదూ రాలేదు కదయ్యా, మనిషిని పంపి చూపించి డ్రైవర్లకి కాగితం పంపుదాంలే అన్నాడు. ఆ కాగితం పొద్దుటికి చేరుతుందని నాకు నమ్మకం లేదు. మీరు ఫోను కట్ చేస్తున్నారు. అక్క వార్డులో ఉన్నట్టుంది, ఎత్తడం లేదు. పిల్ల ఫోను డ్యూటీ గదిలో ఇచ్చేసి పడుకుందట. లేపమంటే అక్కడివాడు, పొద్దున బండి ఉంది, లేపకూడదని పెట్టేశాడు. ఈ ఉత్తరం మీ చేతిలోనే పెట్టమని గార్డు కాళ్ళావేళ్ళా పడ్డాను.

దానికి చెప్పండి బావా. నా మాట మీద కాదు, మీ చేతి మీద తోలమనండి.

మీ బామ్మర్ది

* * *

ప్రియమైన బామ్మర్దికి,

పిల్ల క్షేమం. ముందు అది చదువుకుని, ఊపిరి పీల్చుకుని, తర్వాత మిగతాది చదువు.

గార్డు నీ ఉత్తరం నా చేతిలోనే పెట్టాడు. నీ దస్తూరి చూడగానే ఒళ్ళు మండి, విప్పకుండా కోటు జేబులో కుక్కాను. పొద్దున పిల్లకి తెలియకుండా టికెట్టు కొనుక్కుని దాని బండిలోనే మొదటి పెట్టెలో కూర్చున్నాను. దాని మొదటి బండి నేను చూడకపోతే ఎలా? బయట మంచు. కిటికీలోంచి పక్క పట్టా కూడా కనపడలేదు.

ఇటుకబట్టీ దగ్గర అనుకున్నట్టే యంత్రం బండిని పట్టేసింది. నా ఒళ్ళో ఎవరిదో సంచి పడింది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన డ్రైవరుని తిడుతుంటే నాకు లోలోపల సంతోషంగానే ఉంది. నీ యంత్రం చేసిన నిర్వాకం నీకే రాసి చూపిస్తానని, ఉత్తరంలో ఏం సమర్థించుకున్నావో చూద్దామని జేబులోంచి తీశాను.

చదువుతూ నువ్వు మలుపులో వంద అని రాసిన మాట దగ్గరికి వచ్చేసరికి బండి వేగం అందుకుంటోంది. కాళ్ళ కింద పట్టాల అతుకుల చప్పుడు దగ్గరదగ్గరగా వినపడుతోంది. అంతకుముందు ఆ చప్పుడు విని పిల్ల ఎంత నున్నగా తోలుతోందో అని మురిసిపోయాను. మిగతా ఉత్తరం చదవలేదు. లేచి చైను పట్టుకుని వేలాడాను.

బండి ఆగింది. జనం నా మీద పడ్డారు. పెద్దాయన నా కాలరు పట్టుకున్నాడు. కాసేపటికి నీ మేనకోడలు ఇంజను దిగి, చైను లాగిందెవరని అడుగుతూ మెట్లెక్కి వచ్చింది. నన్ను చూసి ముఖం ఎర్రబడిపోయింది.

"నాన్నా, నా మొదటి బండి ఇది," అంది.

ఉత్తరం దాని చేతికిచ్చాను. నిలబడే చదివింది. తర్వాత మేమిద్దరం, గార్డూ దిగి ముందుకి నడిచాం. ఎంతో దూరం నడవలేదు. మంచులోంచి పట్టాలు పక్కకి తిరుగుతూ కనిపించాయి. పిల్ల అక్కడే పట్టా పక్కన చతికిలబడి నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరం ఏడ్చాం. గార్డు మంచి మనిషి, అటు తిరిగి నిలబడ్డాడు.

ఆ తర్వాత మలుపులో బండిని అది మనిషి నడకలా తోలుకెళ్ళింది. నేను తోలతానని అనలేదు, అది అడగనూ లేదు. మీ అధికారి పంపిన కాగితం మధ్యాహ్నం చేరింది.

చైను లాగినవాళ్ళ మీద డ్రైవరు రిపోర్టు రాయాలి కదా. రాసింది. దాని మామయ్యకి ఏమాత్రం తీసిపోలేదు. విచారణలో స్విచ్చి సంగతి నేను ఒప్పుకోబోతున్నాను. మేము కట్టకుండా ఉంటే మలుపులో ఆ వంద ఎప్పుడో ఒకరోజు నాలాంటి పాతవాడి కంట పడి ఉండేది, పిల్ల దాకా వచ్చేది కాదు. నిన్ను తిట్టిన తిట్లు కొన్ని వెనక్కి తీసుకుంటున్నాను. కొన్ని ఉంచుకుంటాను, ముందుముందు పనికొస్తాయి.

రాత్రి మీ అక్కకి అంతా చెప్పాను. పని ఆపి అంతా వింది. తర్వాత నా ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి, ఇకనుంచి మీరిద్దరూ ఎంత అరుచుకున్నా సరే, నేను చెవుల్లో దూది పెట్టుకుంటాను అంది.

ఫోను చెయ్యరా. ఎత్తుతాను.

నీ బావ