కత్తికి రెండో పేరు

బోధన్,
11-2-1964

చి॥సౌ॥ ఈరవ్వకు, నీ భర్త బాలనర్సయ్య ఆశీర్వదించి రాయునది. నాకు ఒంట్లో బాగానే ఉంది. ఏర్గట్లలో అవ్వ, బిడ్డ ప్రమీల, నువ్వు కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం వల్ల తెలిసి నిమ్మళమైంది.

అవ్వ మోకాళ్లకు తైలం మన ఊరి బండిలో పంపాను. పసుపు ఉడకబెట్టడానికి మనుషులు దొరకడం లేదన్నావు. కొప్పెర దగ్గర ఒక్కదానివే నిలబడకు. నన్ను రమ్మన్నావు గాని, చెరుకు బండ్లు ఆగేదాకా, అంటే ఉగాది దాకా, సెలవు లేదు.

చేతిరాత ఎందుకు చెడిందని కూడా అడిగావు. దానికి జవాబు కొంచెం పెద్దది. నీ తమ్ముడు భోజన్న చెప్పకముందే నేను చెప్పాలి.

ఇక్కడ చెరుకు కొట్టే ముఠాలో ఒంటి మనిషికి పని లేదు. మొగుడు నరుకుతాడు, పెళ్లాం ఆకు దులిపి మోపు కడుతుంది. ఇద్దరినీ కలిపి ఒక కత్తి అంటారు. హాజరు పట్టీలో మొగుడి పేరే రాస్తాం, కూలి అతని చేతికే ఇస్తాం. ఎనిమిదేళ్లుగా రాసేది నేనే.

పోయిన నెల ఎడపల్లి తోటలో విఠల్ అనే కూలి పాము కరిచి చనిపోయాడు. దెగ్లూరు వైపు మనిషి. భార్య రుక్మాబాయి, చంకలో పసిబిడ్డ. దినాలు కాగానే ఆమె కత్తి పట్టుకుని వచ్చింది.

మేస్త్రి రామ్‌దాస్ నాతో, “విఠల్ పేరు కొట్టెయ్ నర్సయ్యా. మొగోడు లేని కత్తి ఏడన్న ఉంటదా?” అన్నాడు.

“పాము కరవకముందు ఆయనకు జరమొచ్చిన పది దినాలు నరికిందెవలు? నేను గాదా?” అని ఆమె అడిగింది. “ఇంకో ఆడిమనిషిని జోడు తెచ్చుకుంట. రాస్తరా?”

“ఇద్దరాడోళ్లు కత్తెట్లయితరే? రేపు పెండ్లి గూడ చెయ్యమంటరు!” అని మేస్త్రి నవ్వాడు.

పని పోతే ముఠా గుడిసె కూడా ఖాళీ చేయాలి. బిడ్డతో ఆమె ఎక్కడికి పోతుందని ఎవరూ అడగలేదు.

విఠల్ పేరు కొట్టేసి, ఆ చోట నా పేరు రాశాను.

రోజూ పొద్దున ఆమె నరుకుతుంది. నాకు కత్తి చేతకాదు కనుక ఆకు దులిపి మోపులు కడతాను. ఆ తర్వాతే పట్టీ రాత. చెరుకాకు వేళ్లను కోసేస్తుంది. మోపు కట్టడం నరకడం కన్నా తక్కువ పని కాదని ఇప్పుడు తెలిసింది. ఎనిమిదేళ్లు ఆ పని చేసినవాళ్ల పేర్లు నేను రాయలేదు.

కూలి మొత్తం ఆమె చేతికే ఇస్తున్నాను. అంతకుమించి ఏమీ లేదు. బండ్లవాళ్లు మాత్రం, “నర్సయ్య బావా, కొత్త కాపురం ఎట్లున్నది?” అని అరుస్తారు. మొన్న నన్ను చూడటానికి వచ్చిన భోజన్న అది విన్నాడు. నాతో మాట్లాడకుండానే వెళ్లిపోయాడు.

పేరు రాసే ముందు నిన్ను అడగలేదు. అది నా తప్పు. నలుగురిలో నీకు మాట పడుతుందని తెలుసు. కొట్టెయ్యమని రాస్తే కొట్టేస్తాను. కానీ ఆ సంగతి ఆమెతో చెప్పడం నా వల్ల కాదు. నువ్వే బోధన్ వచ్చి చెప్పాలి.

ఇట్లు,
ప్రమీల బాపు,
బాలనర్సయ్య